లేజర్ కంటి ఆపరేషన్ అయిన ఏళ్లకు వచ్చే కార్నియా సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కళ్లద్దాలు వదిలించుకోవడానికి లేజర్ చేయించుకున్నవారిలో అత్యధికులకు చూపు ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. ఇబ్బందల్లా మూడేళ్లకో పదేళ్లకో చూపు తేడా చేసినవారిది. ఆపరేషన్ చేసిన చోట ఫైలు దొరకదు. కళ్లద్దాల దుకాణంలో పవర్ మార్చి పంపేస్తారు. ఏడాదికి మళ్లీ మారుస్తారు. అలా రెండు మూడు జతల అద్దాలు మారాక గానీ కార్నియా విభాగానికి రారు. ఆ విభాగంలో టోపోగ్రఫీ, అంటే కార్నియా వంపులను పటంలా గీసే పరీక్ష, చేయడం నా పని. యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చున్నవారు అడిగే సందేహాలు దాదాపు అవే కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. కార్నియా అంటే నల్లగుడ్డుకు ముందుండే పారదర్శకమైన పొర. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ఆపరేషన్‌కు ముందు

ఈ లేజర్ వచ్చి ఎన్నాళ్లయింది? ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఏమవుతుందో డాక్టర్లకు తెలుసా?

చాలావరకు తెలుసు. ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల భాగాన్ని కాల్చకుండా శరీర కణజాలాన్ని చెక్కగలదని 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో తేలింది. ఆ ముగ్గురు శాస్త్రవేత్తల్లో ఒకరైన రంగస్వామి శ్రీనివాసన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. థాంక్స్‌గివింగ్ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కల మీద ఆయన ఆ ప్రయోగం చేశారు. 1995లో అమెరికా ప్రభుత్వం, పైపొర తీసి నేరుగా కార్నియా మీద లేజర్ చేసే పీఆర్‌కే పద్ధతికి అనుమతినిచ్చింది. లేసిక్ ఆ దశాబ్దం చివరికల్లా ప్రపంచమంతా పాకింది. లేసిక్ తర్వాత కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బడాన్ని, అంటే ఎక్టేషియాను, 1998లో థియో సైలర్ బృందం మొదటిసారి వైద్య పత్రికల్లో వివరించింది. అంటే ఈ చిక్కుల గురించి పాతికేళ్లకు పైబడిన అనుభవం ఉంది. నేటి పరీక్షలు కార్నియా వెనుక ఉపరితలాన్ని కూడా కొలుస్తాయి. తొలి రోజుల్లో ఆ సౌకర్యం లేకపోవడం వల్ల, చేయకూడని కళ్లకు కూడా చేసిన సందర్భాలున్నాయి.

లేసిక్, పీఆర్‌కే, స్మైల్ మూడూ చెబుతున్నారు. తర్వాత వచ్చే ఇబ్బందులు దేనికి తక్కువ?

ఒక్కోదానికి ఒక్కో రకం ఇబ్బంది. లేసిక్‌లో కార్నియా పైభాగాన్ని పలుచని పొరగా లేపి, కింద లేజర్ చేసి, మళ్లీ మూస్తారు. ఆ పొరను ఫ్లాప్ అంటారు. ఫ్లాప్ ఉన్నంతకాలం, అంటే జీవితాంతం, దెబ్బ తగిలితే అది పక్కకు జరిగే అవకాశం ఉంటుంది. పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు కాబట్టి ఆ భయం లేదు. అయితే మొదటి నాలుగైదు రోజులు నొప్పి ఎక్కువ, తర్వాతి నెలల్లో కార్నియా మీద మసక తేలే అవకాశం కొంత ఉంటుంది. స్మైల్‌లో చిన్న కోత నుంచి లోపలి పలుచని ముక్కను బయటికి లాగుతారు. ఫ్లాప్ సమస్య లేదు, కళ్లు పొడిబారడం కూడా సాధారణంగా తక్కువే. ఎక్టేషియా మాత్రం మూడింటిలోనూ నమోదైంది. స్మైల్‌లో అది రానే రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. కార్నియాలో ముందే బలహీనత ఉంటే పద్ధతి మార్చినంత మాత్రాన అది పోదు.

నా కార్నియా మందం 520 మైక్రాన్లు, సైట్ మైనస్ 8. సరిపోతుందంటున్నారు. నమ్మవచ్చా?

లెక్క మీరే వేసి చూడండి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫ్లాప్ మందం 110 మైక్రాన్లు అనుకుందాం. 6.5 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో డయాప్టర్‌ పవర్‌కు సుమారు 14 మైక్రాన్లు పోతాయి. మైనస్ 8కి 112. 520లోంచి ఈ రెండూ తీసేస్తే అడుగున 298 మైక్రాన్లు మిగులుతాయి. కనీసం 250 మిగలాలన్న పాత లెక్క ప్రకారం ఇది పాసయినట్టే. కానీ ఫ్లాప్, చెక్కిన భాగం కలిపితే 222 మైక్రాన్లు. అంటే మొత్తం మందంలో దాదాపు 43 శాతం. ఇది 40 శాతానికి చేరినా, దాటినా, టోపోగ్రఫీ మామూలుగా ఉన్నవారిలో కూడా ఎక్టేషియా ముప్పు పెరుగుతుందని 2014లో సాంటియాగో బృందం చూపింది. అదే కంటికి మైనస్ 6 ఉంటే వాటా 37 శాతమే.

కాబట్టి ‘మందం సరిపోతుందా’ అని అడిగి ఊరుకోకండి. ‘ఎంత శాతం పోతుంది, అడుగున ఎంత మిగులుతుంది, వెనుక ఉపరితలం ఎలా ఉంది’ అని అడగండి. అంకెలతో జవాబు చెప్పని చోట కన్ను అప్పగించకండి. ఇంత ఎక్కువ పవర్ ఉన్నవారికి కార్నియాను చెక్కకుండా లోపల లెన్స్ అమర్చే ఐసీఎల్ మార్గం గురించి కూడా అడగాలి.

అమ్మాయికి 19 ఏళ్లు. సంబంధాలు చూస్తున్నాం, త్వరగా లేజర్ చేయిద్దామనుకుంటున్నాం. పర్వాలేదా?

ఆగండి. కెరటోకోనస్ అనే జబ్బు, అంటే కార్నియా తనంతట తానే పలచబడి కోసుగా ఉబ్బడం, తరచుగా పదమూడు పద్నాలుగేళ్ల నుంచి ఇరవై దాటేదాకా బయటపడుతూ ఉంటుంది. 19 ఏళ్లకు టోపోగ్రఫీ మామూలుగా కనిపించినా, 23కి అలాగే ఉంటుందని చెప్పలేం. చిన్న వయసు కూడా ఎక్టేషియాకు ఒక ముప్పు కారణమే. కనీసం ఏడాదిపాటు పవర్ మారకుండా ఉండాలి. అలర్జీతో కళ్లు నలుపుకునే అలవాటున్నా, ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉన్నా ఇంకా జాగ్రత్త అవసరం. పెళ్లిచూపుల కోసం తొందరపడి వచ్చినవారిని చూసినప్పుడల్లా నాకు బాధే. అద్దాలు పెట్టుకున్న అమ్మాయి వద్దనే సంబంధం కోసం జీవితకాలపు చూపును పందెం కాయవద్దు.

ఆపరేషన్ అయ్యాక ఏ కాగితాలు దాచుకోవాలి?

ఆపరేషన్‌కు ముందటి పవర్, రెండు కళ్ల టోపోగ్రఫీ ప్రింట్లు, కార్నియా మందం, ముందటి కెరటోమెట్రీ (కార్నియా వంపు కొలత) అంకెలు, చేసిన పద్ధతి పేరు, ఫ్లాప్ మందం, ఎన్ని మైక్రాన్లు చెక్కారన్న వివరం, స్థిరపడ్డాక ఉన్న పవర్. ‘రెండు కళ్లకు లేసిక్ చేశాం’ అని ఒక వాక్యం రాసిన డిశ్చార్జి కాగితం ఇరవై ఏళ్ల తర్వాత పెద్దగా పనికిరాదు. కొన్ని యంత్రాలు బిల్లు కాగితంలాంటి నున్నటి కాగితం మీద ప్రింటిస్తాయి. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచినా ఆ అక్షరాలు కొన్నేళ్లకు చెరిగి తెల్లకాగితం మిగులుతుంది. ఆ రోజే ఫోనుతో ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.

## మొదటి ఏడాదిలో

ఆరు నెలలైనా కళ్లు పొడిబారడం తగ్గలేదు. ఇక ఇంతేనా?

ఇంతే అనుకోనక్కరలేదు. ఫ్లాప్ కోసినప్పుడు, లేజర్ చేసినప్పుడు కార్నియాలోని సన్నని నరాలు తెగుతాయి. కన్ను ఆరిపోతోందన్న సంకేతం మెదడుకు సరిగా అందదు కాబట్టి కన్నీరు, రెప్ప కొట్టడం రెండూ తగ్గుతాయి. ఎక్కువమందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలో ఇది సర్దుకుంటుంది, కొందరిలో ఇంకా ఆలస్యమవుతుంది. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు వాడండి. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలనివ్వకండి. కంప్యూటర్ ముందు రెప్పలు మరిచిపోకుండా కొట్టండి. రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోయాయేమో కూడా పరీక్ష చేయించాలి. వేడి కాపడంతో తగ్గే సమస్యకు ఏళ్ల తరబడి చుక్కలు మాత్రమే వేసుకుంటూ గడిపేవారు చాలామంది ఉన్నారు.

డాక్టర్ చూసి అంతా బాగుందంటున్నారు. నాకేమో కళ్లు మంట, భరించలేని నొప్పి. అంతా నా భ్రమేనా?

భ్రమ కాదు. తెగిన నరాలు తిరిగి పెరిగేటప్పుడు కొద్దిమందిలో అవి అతిగా స్పందించేలా తయారవుతాయి. గాలి తగిలినా, వెలుతురు పడినా మంట. డాక్టర్ కంటిని పెద్దది చేసి చూసే స్లిట్ ల్యాంప్ యంత్రం కింద మాత్రం కార్నియా శుభ్రంగా, మెరుస్తూ కనిపిస్తుంది. దీన్ని కార్నియల్ న్యూరాల్జియా అంటారు. నిర్ధారణకు ఒక చిన్న పరీక్ష సాయపడుతుంది. క్లినిక్‌లో మత్తు చుక్క వేసి చూస్తారు. నొప్పి పూర్తిగా పోతే మూలం కంటి ఉపరితలంలోనే ఉందని అర్థం. పోకపోతే నొప్పి వ్యవస్థలో ఇంకా పైన, మెదడు వైపు ఉందని అనుమానిస్తారు. మొదటిదానికి రోగి సొంత రక్తం నుంచి తయారుచేసే సీరం చుక్కలు వాడతారు. రెండోదానికి నరాల నొప్పికి ఇచ్చే మాత్రలు అవసరమవుతాయి.

మత్తు చుక్క వేయగానే హాయిగా ఉందని మందుల దుకాణంలో కొనుక్కుని ఇంట్లో వాడటం ఘోరమైన ప్రమాదం. కొద్ది రోజుల్లోనే కార్నియా కరిగిపోయే స్థితి వస్తుంది. ఈ నొప్పితో నిద్రపట్టక నలిగిపోతున్నవారిని ‘ఎక్కువగా ఆలోచిస్తున్నారు’ అని పంపేయడం అన్యాయం. కార్నియా నిపుణుల దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి.

పీఆర్‌కే తర్వాత చూపు బాగా వచ్చింది. అయిదో నెలలో మళ్లీ పొగమంచులా ఉంది. ఎందుకు?

కార్నియా మానే క్రమంలో మచ్చ కణజాలం తయారై మసక కమ్ముతుంది. దీన్ని హేజ్ అంటారు. ఆలస్యంగా వచ్చే రకం సాధారణంగా నాలుగో నెల నుంచి ఏడాది లోపు బయటపడుతుంది, పవర్ కూడా కొంత వెనక్కి వస్తుంది. ఎక్కువ పవర్ తీసినవారిలో, కళ్లకు రక్షణ లేకుండా ఎండలో తిరిగినవారిలో ముప్పు ఎక్కువ. దీన్ని నివారించడానికి ఆపరేషన్ సమయంలోనే 0.02 శాతం మైటోమైసిన్ మందును కొన్ని క్షణాలు కార్నియాకు తాకిస్తారు. వచ్చాక స్టెరాయిడ్ చుక్కలతో చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే పైపొర గీకి మైటోమైసిన్ వాడతారు. మన ఎండల్లో మొదటి ఏడాదంతా అతినీలలోహిత కిరణాలను ఆపే చలువ అద్దాలు తప్పనిసరి.

ఆపరేషన్ అయిన మూడు వారాలకు కన్ను ఎర్రబడింది, నీరు కారుతోంది. కళ్లకలకేమో అనుకోవచ్చా?

అనుకోవద్దు. లేసిక్ తర్వాత రెండు వారాలు దాటాక మొదలయ్యే ఇన్ఫెక్షన్లలో మైకోబాక్టీరియా జాతి క్రిములు, ఫంగస్ ముఖ్యమైనవి. ఇవి ఫ్లాప్ కింద నిదానంగా పెరుగుతాయి, మామూలు యాంటీబయాటిక్ చుక్కలకు లొంగవు. నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపించినా, చూపు తగ్గినా అదే రోజు వెళ్లాలి. ఫ్లాప్ లేపి నమూనా తీసి ప్రయోగశాలకు పంపడం అవసరమవుతుంది. ఆకు పసరు, తేనె, చనుబాలు, పాత సీసాలోని చుక్కలు ఏవీ వేయకండి.

స్టెరాయిడ్ చుక్కలు వేస్తున్నకొద్దీ చూపు ఇంకా తగ్గుతోంది. కంటి ఒత్తిడి మామూలుగానే ఉందంటున్నారు. ఏమై ఉండవచ్చు?

కొందరి కళ్లలో స్టెరాయిడ్ వల్ల లోపలి ఒత్తిడి పెరుగుతుంది. లేసిక్ చేసిన కంటిలో ఆ ఒత్తిడికి నీరు ఊరి ఫ్లాప్ కింద చేరుతుంది. ఒత్తిడి కొలిచే సాధనం కార్నియా మధ్యలో ఆ నీటి పొర మీద ఆని తక్కువ అంకె చూపిస్తుంది. తగ్గిన చూపుకు కారణం ఫ్లాప్ కింది వాపు (ఇన్‌ఫ్లమేషన్) అనుకుని స్టెరాయిడ్ ఇంకా పెంచితే కంటి నరం శాశ్వతంగా దెబ్బతింటుంది. ఒత్తిడిని కార్నియా అంచు వైపు కూడా కొలవమని, కంటి పొరలను అడ్డకోతలా చూపే ఓసీటీ స్కాన్‌లో ఫ్లాప్ కింద నీరుందేమో చూడమని అడగండి. చుక్కలు మీ అంతట మీరు ఆపవద్దు. ఆ రోజే వెళ్లి చూపించుకోండి. చీటీ లేకుండా దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వాడటం లేజర్ చేయించుకున్న కంటికి మరీ చేటు.

## ఏళ్లు గడిచాక

ఆరేళ్ల తర్వాత సైట్ మళ్లీ వచ్చింది. ఇది మామూలే కదా?

కావచ్చు, కాకపోవచ్చు. ఆ తేడా తెలుసుకోకపోవడమే అసలు ప్రమాదం. మామూలుగా వెనక్కి వచ్చే పవర్ చిన్నది, మెల్లగా వస్తుంది, రెండు కళ్లలో దాదాపు ఒకేలా ఉంటుంది. అద్దం పెట్టగానే 6/6 గీత స్పష్టంగా చదువుతారు. ఎక్టేషియా తీరు వేరు. సిలిండర్ పవర్, అంటే కార్నియా వంపు అన్ని వైపులా సమానంగా లేక వచ్చే పవర్, పెరుగుతూ పోతుంది. ఒక కన్ను రెండోదానికంటే ముందు పాడవుతుంది. అద్దం పెట్టినా అక్షరాల చుట్టూ నీడలుంటాయి. ఆరు నెలలకే పవర్ మళ్లీ మారుతుంది. కారణం, పలచబడిన కార్నియా లోపలి ఒత్తిడికి ముందుకు, ఎక్కువగా కింది భాగంలో, ఉబ్బడం.

లేసిక్ చేసిన కళ్లలో ఎక్టేషియా అరుదు. వేర్వేరు అధ్యయనాల్లో 0.04 శాతం నుంచి 0.6 శాతం వరకు నమోదైంది. ఎక్కువమందిలో మొదటి రెండు మూడేళ్లలో, కొందరిలో పదేళ్లు దాటాక బయటపడుతుంది. లేజర్ చేయించుకున్నవారు కొత్త అద్దాల చీటీ తీసుకునే ముందు ఒకసారి టోపోగ్రఫీ చేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నొప్పి లేని, నిమిషాల్లో అయిపోయే పరీక్ష అది. పాత ప్రింటు పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

చూపులో తేడాను ఇంట్లోనే గమనించే మార్గం ఉందా?

నెలకోసారి ఒక్కో కన్ను మూసి విడివిడిగా చూడండి. రెండు కళ్లు తెరిచి చూస్తే బాగున్న కన్ను బాగాలేని కంటిని కప్పిపుచ్చుతుంది. ఫోను తెర నల్లగా చేసి మధ్యలో ఒక్క తెల్ల చుక్క పెట్టి చేయి చాపినంత దూరంలో ఉంచండి. లేదా రాత్రి దూరంగా ఉన్న ట్రాఫిక్ సిగ్నల్ ఎర్ర దీపాన్ని చూడండి. చుట్టూ సమానంగా కాస్త వలయం కనిపించడం లేజర్ తర్వాత చాలామందికి ఉండేదే. చుక్క ఒక పక్కకు తోకలా సాగినా, ఒకటి రెండు మూడుగా కనిపించినా, ఆ తోక కిందటిసారి కంటే పొడుగైనా పరీక్ష చేయించుకోవాలి. ఇది హెచ్చరిక మాత్రమే. చుక్క గుండ్రంగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని తేల్చుకోకూడదు.

లేసిక్ అయి ఎనిమిదేళ్లయింది. నిన్న పాప గోరు కంట్లో గుచ్చుకుంది. ఫ్లాప్ ఇప్పటికి అతుక్కుని ఉంటుంది కదా?

అంచు దగ్గర కొంతవరకు అతుక్కుంటుంది. మధ్యలో దాదాపు లేదు. లేసిక్ చేయించుకున్న దాతల కళ్ల మీద జరిపిన కొలతల్లో, ఫ్లాప్ అంచు మచ్చకు మామూలు కార్నియా బలంలో 28 శాతం, మధ్య భాగానికి 2 నుంచి 3 శాతం మాత్రమే ఉన్నట్టు తేలింది. అందుకే పదేళ్లు దాటాక కూడా గోరు, చెట్టు కొమ్మ, షటిల్ కాక్, కారు ఎయిర్‌బ్యాగ్ తగిలి ఫ్లాప్ జరిగిన సందర్భాలున్నాయి.

దెబ్బ తగిలిన వెంటనే చూపు మసకబారి, నీళ్లు ధారగా కారి, కన్ను తెరవలేకపోతే ఫ్లాప్ జరిగిందనే అనుమానించాలి. కన్ను నలపకండి, నీళ్లు చిమ్మి కడగకండి. కంటిని నొక్కకుండా పైన గట్టి కప్పు ఆనించి వెంటనే బయలుదేరండి. ‘నాకు ఫ్లాప్ ఉంది’ అని అత్యవసర విభాగంలో మొదటి మాటగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు గీతగా భావించి కట్టు కట్టే ప్రమాదముంది. త్వరగా వెళితే ఫ్లాప్ ఎత్తి, కింద చేరిన కణాలు తుడిచి, ముడతలు సాపు చేసి, పైన కాంటాక్ట్ లెన్స్ వేస్తారు. చూపు బాగా తిరిగి వస్తుంది. రోజులు గడిస్తే ముడతలు మొండికేస్తాయి. పసిపిల్లలను ఎత్తుకునేటప్పుడు, ఆటలప్పుడు సాదా రక్షణ అద్దాలు పెట్టుకోవడం చాదస్తమేమీ కాదు.

పవర్ మిగిలిందని ఫ్లాప్ లేపి మళ్లీ లేజర్ చేశారు. ఇప్పుడు ఫ్లాప్ కింద కణాలు పెరిగాయంటున్నారు. ప్రమాదమా?

కార్నియా పై కణాలు ఫ్లాప్ అంచు నుంచి లోపలికి పాకడం ఇది. ఏళ్ల తర్వాత ఫ్లాప్ తిరిగి లేపిన కళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అంచునే చిన్న తెల్లటి ద్వీపంలా ఆగిపోతే ఊరికే గమనిస్తారు. మధ్యకు పాకుతున్నా, సిలిండర్ పవర్ తెస్తున్నా, పైనున్న ఫ్లాప్ కరుగుతున్నా ఎత్తి గీకి శుభ్రం చేయాలి. మళ్లీ రావచ్చు కాబట్టి కొన్నిసార్లు అంచుకు కుట్లు వేస్తారు.

నిద్ర లేచి కన్ను తెరవగానే గుచ్చినట్టు నొప్పి, గంటకు తగ్గిపోతుంది. లేజర్‌కు దీనికి సంబంధం ఉందా?

ఉండవచ్చు. పైపొర కిందికి గట్టిగా అతకనప్పుడు రాత్రి ఆరిన రెప్పకు అంటుకుని, తెరిచేటప్పుడు ఊడుతుంది. పడుకునే ముందు కంటి ఆయింట్‌మెంట్ రాయడం చాలామందికి పనిచేస్తుంది. లేసిక్ చేసిన కంటిలో ఇలాంటి గీత ఏళ్ల తర్వాత పడినా ఫ్లాప్ కింద వాపు (ఇన్‌ఫ్లమేషన్) మొదలుకావచ్చు. మసక కూడా ఉంటే ఆలస్యం చేయకండి.

కళ్లు నలుపుకుంటే నిజంగా అంత నష్టమా?

అవును. నలిపిన ప్రతిసారీ కార్నియా వంగి, కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. లేజర్‌తో ఇప్పటికే పలచబడిన పొర అది. పిడికిలి కణుపులతో గుండ్రంగా తిప్పుతూ నలిపే అలవాటు అన్నిటికంటే చెడ్డది. దురద అలర్జీ వల్ల అయితే అలర్జీకే మందు వేయించుకోండి. చల్లటి నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ మూసిన రెప్పల మీద పెడితే దురద తగ్గుతుంది. ఒకవైపే బోర్లా పడుకుని కంటికి దిండు అదిమే అలవాటును కూడా మానుకోవాలి.

గర్భంతో ఉన్నాను. అయిదేళ్ల క్రితం లేసిక్ అయింది. చూపు మారుతోంది, భయపడాలా?

గర్భధారణలో హార్మోన్ల వల్ల కార్నియాలో నీటిశాతం, వంపు కొద్దిగా మారడం సహజం. ఎక్కువమందికి ప్రసవమయ్యాక సర్దుకుంటుంది. అయితే ఈ కాలంలో ఎక్టేషియా బయటపడిన, ముదిరిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. టోపోగ్రఫీ వల్ల బిడ్డకు ఏ హానీ లేదు, నిస్సంకోచంగా చేయించుకోండి. ఇంతవరకు సజావుగా ఉన్న గర్భవతికి చూపు ఉన్నట్టుండి మసకబారి తలనొప్పి కూడా ఉంటే అది కార్నియా సంగతి కాకపోవచ్చు. రక్తపోటు వెంటనే చూపించుకోవాలి.

## ఎక్టేషియా అని తేలాక

ఎక్టేషియా అన్నారు. చూపు పూర్తిగా పోతుందా?

పోదు. కంటి నరం, రెటీనా బాగానే ఉంటాయి, ముందు పొర ఆకారం చెడుతుంది అంతే. సమయానికి కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్సతో ఆపి, తగిన లెన్స్ పెడితే ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ, బండి నడుపుకుంటూ ఉంటారు. ఈ మాట విన్న రోజు చాలామంది తమను తామే నిందించుకుంటారు, ‘దేవుడిచ్చిన కళ్లతో ఆడుకున్నాను’ అని కుర్చీలోనే ఏడ్చినవారున్నారు. దయచేసి అలా అనుకోకండి. అద్దాలు లేకుండా చూడాలనుకోవడం తప్పు కాదు.

క్రాస్‌లింకింగ్ అంటే ఏం చేస్తారు? చేశాక చూపు పాతలా వస్తుందా?

మన దగ్గర సి-త్రీ-ఆర్ అని కూడా అంటారు. కార్నియా పైపొర తీసి, రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, చుక్కలు అరగంటపాటు వేసి, తర్వాత అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపొందిన అసలు పద్ధతిలో ఆ కాంతి కూడా అరగంటే. కొత్త పద్ధతుల్లో సమయం తగ్గింది. కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి పొర గట్టిపడుతుంది. లేజర్ తర్వాత వచ్చే ఎక్టేషియాకు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది.

ఇది ఉబ్బడాన్ని ఆపడానికి చేసే చికిత్స. చూపు కొందరికి కాస్త మెరుగవుతుంది గానీ దాన్ని ఆశించి చేయించుకోకూడదు. మూడు నాలుగు రోజులు నొప్పి, కొన్ని వారాలు మసక ఉంటాయి. పైపొర తీశాక కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలన్నది మామూలు హద్దు. అంతకంటే పలచనైతే పొరను ఉబ్బించే ప్రత్యేక చుక్కలు వాడతారు. హద్దు దాటేదాకా ఆగితే దారులు తగ్గుతాయి. అందుకే ‘ఇంకో ఏడాది చూద్దాం’ అని వాయిదా వేయవద్దు.

మిగిలిన పవర్‌ను ఇంకోసారి లేజర్ చేసి తీసేయవచ్చు కదా?

ఎక్టేషియా ఉన్న కంటికి పవర్ తీయడానికి మళ్లీ లేజర్ చేయడమంటే బలహీనమైన పొరను ఇంకా పలచన చేయడమే. కొన్ని కేంద్రాల్లో క్రాస్‌లింకింగ్‌తో పాటు కొద్ది మైక్రాన్ల మేర లేజర్‌తో ఉపరితలాన్ని సరిచేస్తారు. అది ఎంపిక చేసిన కళ్లకు, తగినంత మందం ఉంటేనే. టోపోగ్రఫీ చూడకుండా ‘టచప్’ చేస్తామన్నవారి దగ్గర ఆగకండి.

అద్దాలతో స్పష్టత రావడం లేదు. లెన్సులతో వస్తుందా?

చాలామందికి వస్తుంది. మెత్తటి లెన్స్ వంకర కార్నియా ఆకారాన్నే తీసుకుంటుంది కాబట్టి నీడలు పోవు. మన దుకాణాల్లో సెమీ సాఫ్ట్ అని పిలిచే గట్టి లెన్స్ తన ఆకారం నిలుపుకుంటుంది, దాని కింద చేరిన కన్నీరు గుంతలను పూడ్చి నున్నటి ఉపరితలం ఇస్తుంది. లేసిక్ చేసిన కార్నియా మధ్యలో చదునుగా ఉంటుంది కాబట్టి ఈ లెన్స్ నిలవక జారవచ్చు. అప్పుడు స్క్లెరల్ లెన్స్ మేలు. అది కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనుతుంది. పొడిబారిన కళ్లకు కూడా హాయినిస్తుంది.

స్క్లెరల్ లెన్స్ గిన్నెలో ప్రిజర్వేటివ్ లేని శుద్ధమైన సెలైన్ మాత్రమే నింపాలి. కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు ఏవీ వద్దు. నీటిలో ఉండే అకాంతమీబా క్రిమి వల్ల వచ్చే కార్నియా పుండు నెలల తరబడి నరకం చూపిస్తుంది. సీల్ తీసిన సీసాను ఎంతకాలం వాడవచ్చో అడిగి తెలుసుకోండి. మొదటి వారాల్లో లెన్స్ పెట్టుకోవడం రాక అద్దం ముందు గంటలు గడిచిపోతాయి. బుడగ చిక్కుతుంది, రెప్ప మూసుకుపోతుంది. పట్టు దొరికాక నిమిషం పని.

కార్నియా మార్పిడి తప్పదా?

చాలామందికి అవసరం రాదు. లెన్సులు నిలవనప్పుడు, మధ్యలో మచ్చ పడినప్పుడు ఆలోచిస్తారు. అప్పుడు కూడా లోపలి పొరను మీదే ఉంచి ముందు పొరలు మాత్రమే మార్చే డాల్క్ పద్ధతికి ప్రాధాన్యం ఇస్తారు. తిరస్కరణ ముప్పు అందులో తక్కువ. మార్పిడి తర్వాత కూడా లెన్స్ అవసరం కావచ్చని ముందే తెలుసుకోండి.

## నలభై దాటాక, ఇతర ఆపరేషన్లకు ముందు

నలభై మూడేళ్లు. దూరం బాగుంది, చదవడానికి అద్దాలు కావాలి. లేజర్ పాడైందా?

లేదు. కంటి లోపలి లెన్స్ బిగుసుకుని వచ్చే వయసు మార్పు ఇది. లేజర్ చేసింది కార్నియాకు, లెన్స్‌కు కాదు.

గ్లాకోమా పరీక్షకు వెళ్తున్నాను. లేసిక్ సంగతి చెప్పాలా?

తప్పక చెప్పాలి. కార్నియా పలచబడినందువల్ల ఒత్తిడి కొలత అసలుకంటే తక్కువ వస్తుంది. 16 చూపించిన కంటిలో నిజమైన ఒత్తిడి అంతకు మించి ఉండవచ్చు. అంకె ఒక్కటే చూసి ఊరుకోకుండా కంటి నరం, ఓసీటీ, దృష్టి క్షేత్ర పరీక్ష చూడాలి. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్న కళ్లకు గ్లాకోమా ముప్పు, రెటీనా చిరిగే ముప్పు లేజర్ తర్వాత కూడా అలాగే ఉంటాయి. అద్దాలు పోయాయని ఏటా చేయించుకునే పరీక్ష మానకూడదు.

అమ్మకు శుక్లాల ఆపరేషన్. గతంలో లేసిక్ అయింది. ఏం జాగ్రత్త?

అమర్చే లెన్స్ పవర్ లెక్కలో పొరపాటు జరగకుండా చూడాలి. మామూలు కెరటోమీటర్ కార్నియా ముందు వంపును కొలిచి వెనుక వంపును ఊహిస్తుంది. మైనస్ పవర్‌కు లేజర్ చేసిన కంటిలో ఆ ఊహ తప్పుతుంది, కార్నియా పవర్ ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. దాంతో బలం తక్కువ లెన్స్ పెట్టి, చివరకు ప్లస్ అద్దాలు మిగులుతాయి. బారెట్ ట్రూ-కె వంటి ప్రత్యేక సూత్రాలున్నాయి. ఆపరేషన్‌కు ముందటి పాత అంకెలు దొరికితే లెక్క మరింత నమ్మకంగా వస్తుంది. లేసిక్ అయిన సంగతి మీరు చెప్పకపోతే, ఉచిత కంటి శిబిరాల్లాంటి రద్దీ చోట్ల ఎవరూ గుర్తించకపోవచ్చు.

నాన్నగారికి 1990ల్లో బ్లేడుతో గీతలు పెట్టి సైట్ తీశారు. అది కూడా ఇదేనా?

కాదు, అది రేడియల్ కెరటోటమీ. లేజర్ లేకుండా కార్నియాపై బండి చక్రం ఆకుల్లా కోతలు పెట్టేవారు. ఆ కార్నియా ఏళ్లతో చదునవుతూ ప్లస్ పవర్ వైపు జరుగుతుంది. అమెరికాలో పదేళ్లపాటు సాగిన పెర్క్ అధ్యయనంలో 43 శాతం కళ్లు ఒక డయాప్టర్ లేదా అంతకంటే ఎక్కువ అటు జరిగాయి. ఉదయం ఒక చూపు, సాయంత్రం ఒక చూపు ఉండటం కూడా దీని లక్షణం. గట్టి దెబ్బ తగిలితే ఆ గీతల వెంట కన్ను చిట్లవచ్చు.

లేసిక్ చేయించుకున్నవారు నేత్రదానం చేయవచ్చా?

చేయవచ్చు. ముందు పొరలు చెక్కి ఉన్నందువల్ల కార్నియా మొత్తాన్ని మార్చే ఆపరేషన్‌కు వాడరు. లోపలి ఎండోథీలియం పొర మాత్రం దెబ్బతిని ఉండదు కాబట్టి, ఆ పొర ఒక్కదాన్నే మార్చే ఆపరేషన్లకు పనికివస్తుంది. లేజర్ అయిన సంగతి కుటుంబసభ్యులు నేత్రనిధి సిబ్బందికి చెప్పాలి. ఆరు గంటల లోపు కళ్లు సేకరించాలి కాబట్టి మరణించిన వెంటనే సమాచారం అందించాలి. అప్పటిదాకా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచాలి.